‘పిక్చరెస్క్’ను ‘రమణీయం’ అనవచ్చునా?

ప్రకృతి దృశ్యాల అందం గురించి చెప్పే ‘పిక్చరెస్క్’ (picturesque) అన్న ఇంగ్లీషు మాటకు తెలుగులో ‘రమణీయం’ చక్కగా సరిపోతుందని ఒక మిత్రులు సూచించారు. నేను ఏకీభవించలేకపోతున్నాను. రమణీయం అన్న మాటలో మనసు రమించడమే ప్రధానం. ఎదుట ఉన్నది కొండ కావచ్చు, పద్యం కావచ్చు, పసిబిడ్డ నవ్వు కావచ్చు. పిక్చరెస్క్‌లో మాత్రం చూపుకూ ప్రకృతికీ నడుమ ఒక బొమ్మ నిలిచి ఉంటుంది. ఆ మాటకు ప్రచారం తెచ్చిన ఇంగ్లండు పాదిరి విలియం గిల్పిన్, 1768లో, చిత్రంలో ఇంపుగా తోచే ఒక ప్రత్యేకమైన అందమని దానికి అర్థం చెప్పాడు. ఆ తరం యాత్రికులు, పదిహేడో శతాబ్దపు ప్రకృతి చిత్రకారుడు క్లాడ్ లొరేన్ బొమ్మల ఛాయ కోసం నల్లని కుంభాకారపు అద్దాన్ని వెంట తీసుకుపోయి, దృశ్యానికి వీపు తిప్పి నిలబడి, అద్దంలో పడిన ప్రతిబింబాన్నే చూసేవారు. ఏ నిఘంటువుకన్నా ఈ అలవాటే ఆ మాట స్వభావాన్ని బాగా చెబుతుందని నా నమ్మకం.

1770లో బ్రిటన్‌లోని వై నది వెంట ప్రయాణించిన గిల్పిన్, 1782 నాటి పుస్తకంలో ఆ నది ఒడ్డున ఉన్న టింటర్న్ క్రైస్తవ మఠపు శిథిలాలను వర్ణిస్తూ, గోడల త్రికోణపు కొసలను సుత్తితో కాస్త పగలగొడితే ఇంపుగా ఉంటుందన్నాడు. ఆ శిథిలాల నడుమ తలదాచుకున్న నిరుపేదలనూ, అవయవాలు పట్టుతప్పి అడుగు తీయలేని ఒక పేదరాలినీ ఆయన చూశాడు, కలతపడి రాశాడు. అయినా 1786లో, ఉత్తర ఇంగ్లండులోని సరస్సుల సీమ (లేక్ డిస్ట్రిక్ట్) గురించిన పుస్తకంలో, నీతి దృష్టికి కష్టించే పనివాడు మెరుగే గాని చిత్రదృష్టికి ఊరక తిరిగే పల్లెటూరివాడే నప్పుతాడని తేల్చాడు. ఇంగ్లండులో ఊరుమ్మడి బీళ్లు పార్లమెంటు చట్టాల బలంతో కంచెల పాలై, సొంత ఆస్తులుగా మారుతున్న రోజులవి. 1794లో ఈ భావనపై పెద్ద వ్యాసం రాసిన యూవిడేల్ ప్రైస్ స్వయంగా భూస్వామి. నేలను దున్నవలసిన అవసరం లేనివాడి చూపు ఆ మాటలో ఇమిడి ఉంది. ‘రమణీయం’ అనగానే ఆ చూపు కనుమరుగవుతుంది.

శాస్త్రచర్చకు ‘చిత్రయోగ్యం’, వాడుకకు ‘బొమ్మకొదిగే అందం’ అని నా ప్రతిపాదన. ‘ఒదగడం’లో ఎంపిక ఉంది, ఒదగనిదాన్ని పక్కకు నెట్టడమూ ఉంది. విహారయాత్రల ప్రకటనలో ‘రమణీయం’ అన్నా నష్టం లేదు. గిల్పిన్‌నూ ప్రైస్‌నూ తెలుగు చేసేటప్పుడు మాత్రం దాన్ని విడిచిపెట్టవలసిందే.