డీజిల్ మానేద్దాం సరే, ఎవరి చేని మీద?

ఎర్రనేల (ఉమ్మడి కర్నూలు)

పోయిన ఆదివారం బనగానపల్లెలో మా బంధువుల పెండ్లి. భోజనాలయినాక వేపచెట్టు కింద కుర్చీలేసుకుని కూర్చున్నాం. మా మేనమామకు రెండు లారీలుండాయి. మా చిన్నాయన కొడుకు హైదరాబాదులో బ్యాటరీల కంపెనీలో పని. ఇంకో పదేండ్లలో డీజిల్ కథ ముగుస్తుందని వాడు, నేను పోయినాక గూడా నా లారీ డీజిల్‌తోనే తిరుగుతాదని మామ. మాటా మాటా పెరిగి మామ తాంబూలం గూడా తీసుకోకుండా లేచిపోయినాడు.

నేను మధ్యలో నోరు మెదపలేదు. నాకుండే ప్రశ్న వేరే. డీజిలూ బొగ్గూ వద్దు, ఎండా గాలీ ముద్దు అంటున్నారు. ఆ ఎండను పట్టేది యాడ? మా దగ్గరే. గని, శకునాల పక్క 1000 మెగావాట్ల సోలారు పార్కు 2017లో నడవడం మొదలుపెట్టింది, దగ్గర దగ్గర 6 వేల ఎకరాలు. తర్వాత పిన్నాపురం ప్రాజెక్టు వచ్చింది. 2024 క్లీన్ ఎనర్జీ పాలసీలో ఎండా, గాలీ, అట్లాంటివన్నీ కలిపి రాష్ట్రం పెట్టుకున్న లెక్క 160 గిగావాట్లు. గని పార్కు అందులో ఒక్క గిగావాటు. మిగతా 159కి సముద్రం మీద పరుస్తారా?

ఇప్పుడు సోలారుకు భూములు కౌలుకియ్యమని మా ఊరికి గూడా ఏజెంట్లు వచ్చాండారు. ఊరి పేరు, కంపెనీ పేరు రాయను. మాది ఆరెకరాలు, ఎర్ర గరుసు నేల. పక్కూర్లో మూడేండ్ల కిందే కంచె పడింది. మొన్న ఆ కంచె వెంబడి నడిచి చూసినా. లోపల ప్యానెళ్ళ కింద గడ్డి మోకాలెత్తు, కడిగిన నీళ్ళు పడి బాగా లేచింది. బయట మా ఊరి గొర్లాయన మంద నిలబడి, కంచె సందుల్లో మూతులు పెట్టి ఆ గడ్డి కోసం గుంజుకుంటాండాయి. ముందు ఆయన గుట్ట మీదికి పోవాలంటే అరగంట బాట. ఇప్పుడు కంచె చుట్టి పోవల్ల, రెండు గంటలు.

ఇయ్యాల్నా వద్దా? తెలిసినోళ్ళు చెప్పండి. పార్టీల పేర్లు ఎత్తి తిట్టుకునేటోళ్ళు దయచేసి వేరే చోట తిట్టుకోండి.

పన్నెండు టైర్లు (తాడిపత్రి)

ఆ లేచిపోయినాయన నేనే అనుకో అప్పా. ఆయన పక్షాన నేను మాట్లాడతా.

మాకేమన్నా డీజిల్ మీద ప్రేమా? నాకొచ్చే కిరాయిలో సగానికి పైగా ట్యాంకులోకే పోతాది. సిమెంటు లోడు ఎత్తుకుని బెంగళూరు పోయేటప్పుడు మా గుమాస్తా వేసే మొదటి లెక్క ఏందో తెలుసా? బాగేపల్లి చేరేసరికి ట్యాంకు ఖాళీ కావల్ల. కర్ణాటకలో నింపుకుంటే లీటరుకు ఐదారు రూపాయలన్నా మిగుల్తాది. మన రాష్ట్రంలో డీజిల్ మీద వ్యాటు 22.25 శాతం, దాని మీద లీటరుకు 4 రూపాయలు, ఇంకా రోడ్డు సెస్సు ఒక రూపాయి. బార్డరుకు ఇవతల పంపులు పెట్టుకున్నోళ్ళు ఈగలు తోలుకుంటాండారు.

కరెంటు లారీ కొనమంటారు. ధర వింటే గుండె జారుతాది, డీజిల్ బండికి రెండింతల పైమాటే. బ్యాటరీ బరువు ఎంత పెరిగితే సరుకు అంత తగ్గుతాది, మాకు కిరాయి వచ్చేది టన్నుల లెక్కన. ఛార్జింగు పెట్టి డ్రైవరు రెండు గంటలు కూర్చుంటే ఆ బత్తా ఎవరియ్యాల? ఫైనాన్సోళ్ళు పాత బండికే చుక్కలు చూపిస్తాండారు.

ఇంకోటి. రేపు అందరం కరెంటుకు మారినామనుకో, ఆ వ్యాటు డబ్బు పోయినాక ప్రభుత్వం ఊరుకుంటుందా? యూనిట్ మీద వేస్తాది. పెట్రోలూ డీజిలూ జీఎస్టీలోకి తేవడానికి ఏ రాష్ట్రమూ ఒప్పుకోదు, ఎందుకో అందరికీ తెలుసు. ఆయిలు మానాలని మైకుల్లో చెప్పేటోళ్ళ ఖజానా ఆ ఆయిలుతోనే నిండుతాంది.

కరెంటు సారు (కడప, రిటైర్డు)

ఇద్దరూ రెండు వేర్వేరు విషయాలను ఒకే గంపలో వేశారు. తప్పు మీది కాదు, వేదికలెక్కేవాళ్ళంతా అలాగే చెబుతారు.

సోలారు పార్కు వల్ల చుక్క డీజిల్ కూడా తగ్గదు. మన రాష్ట్రంలో కరెంటు డీజిల్‌తో తయారు చేయడం లేదు, ఎక్కువ భాగం బొగ్గుతో. ప్యానెళ్ళ వల్ల తగ్గితే తగ్గేది ముద్దనూరు థర్మల్ లాంటి చోట కాలే బొగ్గు. ఆ 1650 మెగావాట్లకు బొగ్గంతా వందల కిలోమీటర్లు రైలెక్కి రావాల్సిందే. డీజిల్ తగ్గాలంటే లారీ, బస్సు, ట్రాక్టరు కరెంటు మీదికి రావాలి. దేశానికి కావలసిన ముడిచమురులో 85 శాతానికి పైగా బయటి నుంచే కొంటున్నాం. అమ్ముడుపోయే పెట్రోలియం సరుకుల్లో ఐదింట రెండు వంతుల దాకా డీజిలే. అంటే తాడిపత్రి అన్న మారకపోతే ఈ కథ సగం దగ్గరే ఆగుతుంది. ఆయన చెప్పిన బ్యాటరీ బరువు, ధర, ఛార్జింగు అన్నీ నిజమే. నేను వాదించను. టౌను బస్సులూ ఆటోలూ ముందు మారతాయి, లోడు లారీ ఆఖర్న మారుతుంది.

ఇక సోలారే దండగని కొందరంటారు, ఆ మాటకు మాత్రం ఒప్పుకోను. 2015 చివర్లో గని పార్కుకు వేలంలో వచ్చిన ధర యూనిట్ 4.63 రూపాయలు. అప్పుడు అదే తక్కువని సంబరపడ్డాం. 2017లో మా కడప పార్కుకు 3.15. 2021లో రాష్ట్రం ఒప్పందం చేసుకున్నది 2.49కి. పాత రేట్లు ఎక్కువని 2019లో అప్పటి ప్రభుత్వం ఒప్పందాలు తిరగదోడింది. హైకోర్టు మధ్యంతరంగా గాలికి 2.43, ఎండకు 2.44 ఇవ్వమంది. చివరికి 2022 మార్చిలో ఒప్పందంలో ఉన్న రేటే కట్టాలని తీర్పు వచ్చింది. మూడేళ్ళు బకాయిలు పేరుకున్నాయి. ఆ భారం తర్వాత ఎవరి మీద పడిందో మీ బిల్లులే చెబుతాయి.

నా దగ్గర ఉన్న అసలు కారణం వేరు. నేను సబ్ స్టేషన్లలో చేసిన రోజుల్లో సేద్యానికి త్రీఫేజు రాత్రిపూట వదిలేవాళ్ళం. ఒంటిగంటకో రెండింటికో. రైతు టార్చి నోట్లో పెట్టుకుని, తడి గట్టు మీద ఒట్టికాళ్ళతో స్టార్టరు డబ్బా దగ్గరికి పోయేవాడు. డబ్బాకు తలుపు ఉండేది కాదు, ఎర్తు ఉండేది కాదు. తెల్లవారి ఫోను మోగితే ఎత్తాలంటే భయం. షాకో, పామో. ఒకసారి పోయి చూస్తే మనిషి లేడు గానీ టార్చి ఇంకా వెలుగుతూ ఉంది, బురదలో. ఇప్పుడు పగలు 9 గంటలు ఇస్తున్నారంటే పగలు ఎండ కరెంటు చేతిలో ఉంది కాబట్టే కుదురుతోంది. ఇది ఏ పాలసీ కాగితంలోనూ పెద్ద అక్షరాలతో రాయరు.

పొద్దు గూకితే ప్యానెల్ పలక కిందే లెక్క. పిన్నాపురం అందుకే. పగలు మిగిలిన కరెంటుతో నీళ్ళు పై చెరువుకు ఎక్కించి, సాయంత్రం కిందికి వదిలి టర్బైన్లు తిప్పడం. 1680 మెగావాట్లు.

బోరు నంబరు ఐదు (కళ్యాణదుర్గం)

ఎర్రనేల అన్నా, ఆ ఆరెకరాల్లో నిరుడు ఏం పండించినావో రాయలేదే?

మాది తొమ్మిదెకరాలు. బోర్లు ఐదేసినాం, నాలుగు ఎండినాయి, ఐదోది ఎండాకాలం దగ్గుతాది. మా జిల్లాలో మంచి ఏడు పడితే 550 మిల్లీమీటర్లు. అదీ శెనక్కాయకు కావాల్సినప్పుడు రాదు, పీకేటప్పుడు వచ్చాది. పోయినేడు ఎకరాకు రెండు మూటలు. విత్తనానికే అంతకన్నా ఎక్కువ పోసినాం. శెనక్కాయ కట్టె పశువుల మేతకు అమ్మినాం, అదే లాభం.

2022లో అప్పటి ప్రభుత్వం సోలారుకు భూమిస్తే ఎకరాకు ఏడాదికి 30 వేలు, రెండేండ్లకోసారి 5 శాతం పెంపు అని చెప్పింది. మా నాయన ఆ మాట టీవీలో విని తొమ్మిది ముప్పైలు లెక్కేసినాడు. 2 లక్షల 70 వేలు. మళ్ళీ ఇంకోసారి లెక్కేసినాడు. ఆయన సేద్యం చేసిన నలభై ఏండ్లలో ఖర్చులు పోను అంత చేతికొచ్చిన ఏడు ఒక్కటీ లేదు. చివరికి కంపెనీ మాకు నాలుగు కిలోమీటర్ల అవతల తీసుకుంది. మా ఊరికి కంచె రాలేదని మాకు ఏడుపు.

మీకు చేని మీద మమకారం ఉండాది. మాకు చేని మీద బ్యాంకు లోను ఉండాది.

ఎర్రనేల

అక్కా, నువ్వడిగింది న్యాయమే. నిరుడు కంది వేసినా, మిగిలింది చెప్పుకునేంత లేదు.

అయితే ఆ 30 వేలు ఎవరికి అందుతాయో చూడు. మా ఆరెకరాల్లో పట్టా రెండున్నర. మిగతా మూడున్నర డీకేటీ, అంటే గవర్నమెంటు సేద్యానికని మా తాత చేతికిచ్చింది. ఏజెంటు పట్టాకు ఒక మాట చెప్తాడు, డీకేటీకి ఇంకో మాట. “అది గవర్నమెంటుదే గదా, ఇస్తే తీసుకో” అంటాడు. కౌలుకు చేసేటోనికి సున్నా. కలుపుకు పోయే ఆడోళ్ళకు సున్నా. గొర్లాయనకు భూమే లేదు, ఆయన పేరు ఏ కాగితంలోనూ రాదు.

ఇంకో లెక్క. రెండేండ్లకు 5 శాతం అంటే 25వ ఏట ఎకరాకు దాదాపు 54 వేలు. పాతికేండ్ల కింద తులం బంగారం 5 వేలు గూడా లేదు. ఇప్పుడెంత? మీ నాయన తొమ్మిది ముప్పైలు వేసినాడు, ఇది వేసినాడా?

బోరు నంబరు ఐదు

వేయలేదు. రెండు మూటల శెనక్కాయ పాతికేండ్లకు ఎన్ని మూటలైతాదో నువ్వు చెప్పు, అప్పుడు వేస్తాడు.

ముగ్గురాయి (ఉమ్మడి కడప)

మా జిల్లా సంగతి చెప్తా. మంగంపేటలో ముగ్గురాయి తవ్వినారు. తుమ్మలపల్లెలో యురేనియం తవ్వినారు. కలమళ్ళలో తెలుగులో మొట్టమొదటి శాసనం దొరికింది, దాని పక్కనే బొగ్గు కాల్చి బూడిద పోసినారు. ఇప్పుడు మైలవరంలో ఎండ. ప్రతిదానికీ ముందు ఒక మీటింగు, ఉద్యోగాలని ఒక మాట. ఈసారి పాలసీలో 7.5 లక్షల ఉద్యోగాలంట.

నేను ఐటీఐ ఎలక్ట్రీషియను. ఒక సోలారు సైటులో బిగింపు పనికి మా ఊరి నుంచి పద్నాలుగు మందిమి పోయినాం. ఎనిమిది నెలలు బాగా నడిచింది, కూలి గూడా మంచిదే. బిగించినాక ఉంచుకున్నది ఇద్దర్ని, ఒకడు వాచ్‌మన్, ఇంకొకడు గడ్డి కోసేటోడు. వైరింగు చూసుకునేటోళ్ళు బయటి నుంచి వచ్చి పోతారు. థర్మల్ దుమ్ము మింగినా దాని చుట్టూ క్వార్టర్సు, హోటళ్ళు, బూడిద లారీలు, ఒక ఊరు బతికింది. ప్యానెల్ పక్కన టీ కొట్టు గూడా బతకదు, తాగేటోడు ఉండడు గదా.

కరెంటు సారు

బాబు చెప్పింది నిజం. ఉద్యోగాల మాట కట్టేటప్పటికే, నడిపేటప్పటికి కాదు. దాన్ని దాచి చెప్పడం వల్లే జనానికి నమ్మకం పోయింది.

అందుకే నేను పెద్ద పార్కుల కంటే చిన్నవాటి వైపు. మెగావాటుకు నాలుగైదు ఎకరాలు చాలు. సేద్యం ఫీడరు (మోటార్లకు కరెంటు పంపే లైను) దగ్గరే, ఆ సబ్ స్టేషన్ పక్క ఊరి రైతులే పదెకరాలిచ్చి 2 మెగావాట్లు పెట్టుకుంటే ఆ ఫీడరు మోటార్లు పగలంతా నడుస్తాయి, లైన్లో పోయే నష్టం తగ్గుతుంది. కుసుమ్ పథకం ఉద్దేశమే ఇది, 2019 నుంచీ ఉంది. అప్పు పుట్టక, ఫైలు కదలక నత్తనడక. మిద్దెల మీదకైతే కేంద్రం సూర్యఘర్ పథకం కింద 3 కిలోవాట్లకు 78 వేల సబ్సిడీ. సొంత మిద్దె ఉన్నవాడికే పనికొస్తుంది, అదీ నిజమే.

పెద్ద పార్కులు మొత్తం వద్దని మాత్రం అనను. మోటార్లకు, మిద్దెలకు చిన్నవి సరిపోతాయేమో గానీ, తాడిపత్రి అన్న లారీని నడపడానికి సరిపోవు.

పన్నెండు టైర్లు

నా లారీ కోసం ఎర్రనేల చేను పోవల్లనా సారూ? ఇదేం పంచాయితీ!

సరే, ఒకటి ఒప్పుకుంటా. రాత్రి మోటారు సంగతి మీరు రాసినాక ఏం మాట్లాడాల్నో తెలీలా. మా చిన్నాన్న అట్లనే పోయినాడు, 2006లో.

ఎర్రనేల

గురువారం మా ఊర్లో గ్రామసభ ఉండాది. ఇయ్యమని తేల్చి చెప్పేంత ధైర్యం నాకు లేదు, ఇస్తామని సంతకం పెట్టేంత నమ్మకమూ లేదు. ఒక అర్జీ రాసుకుని పోతా. డీకేటీకీ పట్టాకూ ఒకే కౌలు, పెంపు ఏటా ధరలను బట్టి, కడిగే నీళ్ళు మా బోర్ల నుంచి తోడకూడదు, పాతికేండ్లకు ప్యానెళ్ళు పీకి చేను చేనుగా అప్పగించేది ఎవరో ముందే రాయల్ల, మెయింటెనెన్సు పని ఊరి ఐటీఐ పిల్లోళ్ళకు. ఇంకేమన్నా ఉంటే చెప్పండి.

బోరు నంబరు ఐదు

బోర్డు మీద అతికించిన జిరాక్సు కాగితానికి సరే అనొద్దన్నా. కౌలు రిజిస్టరు చేయించు, మీ నాయన పేరుతో పాటు అమ్మ పేరు గూడా పెట్టించు. మా పక్కూర్లో ఒకాయన కౌలు డబ్బు మొత్తం ఆయన తమ్ముడే తింటాండాడు.

కరెంటు సారు

రిజిస్ట్రేషనుకు స్కెచ్చి జతచేస్తారు కదా. సర్వేయరు గీసేటప్పుడు నువ్వు దగ్గరుండి ఆ గొర్ల బాట అందులో గీయించు, వెడల్పు ఎన్ని అడుగులో అంకె వేయించు. స్కెచ్చిలో లేని బాట కంచె పడ్డాక ఉండదు. ఆ గొర్లాయన్ను కూడా గురువారం సభకు పిలుచుకుని పో.

ఎర్రనేల

చెప్పినా సార్. గురువారం మంద యాడ నిలపల్ల అని అడిగినాడు. మా చేన్లో నిలుపుకోమన్నా.