క్యాష్ మన కాసు నుంచే పుట్టిందా?

"ఇంగ్లీషు వాడి క్యాష్ మన కాసే" అని నిన్న విజయనగరం నుంచి ఒకావిడ రాశారు. దానికింద చాలామంది అవునంటే అవునన్నారు. అందులో సగమే నిజం. కానీ ఆ సగం వెనక ఎంతో చరిత్ర ఉంది, అందుకే కాస్త పెద్దగా రాస్తున్నాను.

ఇంగ్లీషులో క్యాష్‌లు రెండున్నాయి. రూపం ఒకటే, పుట్టుకలు వేరు.

గంటస్తంభం దగ్గర ఏ కొట్లోనైనా "క్యాషా, ఫోన్‌పేనా?" అని అడుగుతారే, ఆ క్యాష్ మనది కాదు. దాని మూలం లాటిన్ కాప్సా, అంటే పెట్టె. ఇటాలియన్‌లో కాస్సా, ఫ్రెంచిలో కెస్ అయి, 16వ శతాబ్దం చివర్లో ఇంగ్లీషులోకి చేరింది. మొదట్లో దానికి డబ్బు దాచే పెట్టె అనే అర్థం కూడా ఉండేది. మన గల్లాపెట్టె లాంటిదన్నమాట. పోనుపోను పెట్టె అర్థం జారిపోయి, అందులోని సొమ్ముకే ఆ పేరు నిలిచింది. క్యాషియర్, క్యాసెట్, మందుల క్యాప్సూల్, సూట్‌కేసులోని కేసు అన్నీ ఆ కాప్సా సంతానమే. పోలీసు కేసు మాత్రం వేరే లాటిన్ మాట నుంచి వచ్చింది.

రెండో క్యాష్ అచ్చంగా మనది. దక్షిణాదిలో చెల్లిన చిన్న రాగి నాణెం పేరది. తమిళులూ మనమూ కాసు అన్నదాన్ని పోర్చుగీసువాళ్లు కైషా అని పలికారు. వాళ్ల భాషలో కైషా అంటే అప్పటికే పెట్టె! అదీ ఆ లాటిన్ కాప్సా నుంచి వచ్చిందే. అలా మన నాణేనికి వాళ్ల పెట్టె పేరు తగులుకుంది. ఇంగ్లీషువాళ్లు దాన్ని క్యాష్ చేసుకున్నారు. మధ్యలో చదరపు చిల్లు ఉండే చైనా నాణేలనూ ఈ పేరుతోనే పిలిచారు. రెండు మాటలూ ఒకటేనన్న భ్రమ రావడంలో వింతేమీ లేదు, దారిలో అవి నిజంగానే ఎదురుపడ్డాయి.

మద్రాసులో కుంపిణీ (ఈస్టిండియా కంపెనీ) లెక్క ఇలా ఉండేది: 80 కాసులు ఒక ఫణం, 42 ఫణాలు ఒక వరహా అనే బంగారు నాణెం. అంటే వరహాకి 3,360 కాసులు. 1818లో రూపాయి ప్రమాణమయ్యేదాకా ఇదే నడిచింది. మన ఉత్తర సర్కారుల (అప్పటి కోస్తాంధ్ర ప్రాంతాల) కోసం 1794లోనూ 1797లోనూ బర్మింగ్‌హామ్‌లోని సోహో టంకశాలలో వేరే రాగి నాణేలు కొట్టించారు. వాటిమీద రూపాయికి 48 అనో 96 అనో ఇంగ్లీషులో రాసి ఉంటుంది. చికాకోల్ సర్కారు, అంటే మన శ్రీకాకుళం, ఆ సర్కారుల్లో ఒకటి.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది డబ్బు అనే మాట. డబ్బు కూడా ఒక రాగి నాణెం పేరే. 1886లో వచ్చిన హాబ్సన్ జాబ్సన్ నిఘంటువు దాని విలువ 20 కాసులంటుంది. తర్వాత ఆ నాణెం పోయింది, పేరు మాత్రం మొత్తం సొమ్ముకే వాడుకైంది. నాణెం పేరుతోనే సంపదనంతా పిలుచుకుంటున్నాం మనం. కాసు మాత్రం చిత్రంగా రెండు కొసల్లోనూ ఉంది. అతి చిన్న రాగి నాణెమూ అదే, మెళ్లో కాసులపేరులోని బంగారమూ అదే. నగదు సంగతి వేరు, అది అరబ్బీ నక్ద్.

కింద పలాస తమ్ముడొకరు అడిగారు: "మాస్టారూ, మరి మా జీడిపప్పుని క్యాష్యూ అంటారు కదండీ, అదీ క్యాష్‌కి చుట్టమేనేటి?"

కాదు బాబూ. అది బ్రెజిల్ ఆదివాసుల టూపీ భాషలోని అకాజు. పోర్చుగీసువాళ్లు కాజు అన్నారు, 16వ శతాబ్దంలో చెట్టునీ పేరునీ మన దేశానికి తెచ్చారు. హిందీవాళ్లు ఆ పేరు ఉంచుకున్నారు. మనవాళ్లు ఉంచుకోలేదు. అప్పటికే మన అడవుల్లో నల్లజీడి ఉంది. చాకళ్లు బట్టల మీద గుర్తులు పెట్టే గింజ, రసం తగిలితే ఒళ్లు పొక్కుతుంది. కొత్త చెట్టు గింజ తొక్కలోనూ అలాంటి రసమే ఉంది, చెట్టేమో మామిడి కుటుంబానిది. రెండూ కలిపి జీడిమామిడి అన్నారు. పలాసలో గింజలు కొట్టే ఆడవాళ్ల చేతుల్ని అడిగితే ఆ పేరు ఎంత సరైనదో చెబుతాయి.