ఖరీదైన మాల్ట్ కంటే ఓల్డ్ మాంక్ రమ్మే నచ్చుతోంది, ఇది నా నాలుక లోపమా?

మంజీర

నాకు 47 ఏళ్లు. హైదరాబాద్‌లో మియాపూర్ వైపు ఉంటాను, ఒక ఫార్మా కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. శనివారం రాత్రి పిల్లలు పడుకున్నాక రెండు పెగ్గులు తాగుతాను. వారం మొత్తానికి అంతే. ఇరవై ఏళ్లు దాటింది, ఆ రెండు పెగ్గులూ ఓల్డ్ మాంకే. 60 మి.లీ. రమ్ము, దానికి రెండింతలు గోరువెచ్చటి నీళ్లు, ఒక నిమ్మచెక్క. నిమ్మచెక్కను పిండను, ఊరికే గ్లాసులో వేస్తాను. పక్కన వేయించిన పల్లీలు, పచ్చి ఉల్లిపాయ ముక్కలు. ఎండాకాలంలో మాత్రం కుండ నీళ్లు పోసుకుంటాను.

ఈ రమ్ము నాకు అలవాటు చేసింది మా చిన్నాన్న. ఆయన మిలిటరీలో పనిచేశాడు. సంక్రాంతి సెలవుకి వస్తే ట్రంకు పెట్టెలో స్వెట్టర్ల మధ్య రెండు సీసాలు చుట్టి తెచ్చేవాడు, క్యాంటీన్ కోటాలోవి. ఆ పొట్టి సీసా, దాని గరుకు గాజు ఇప్పటికీ నా చేతికి గుర్తే. నాకు ఉద్యోగం వచ్చిన ఏడాది మొదటి గ్లాసు ఆయనే కలిపి ఇచ్చాడు. "ముందు వాసన చూడు. తాగడానికి తొందరేం లేదు" అన్నాడు. ఆయన పోయి ఆరేళ్లయింది. నేను ఇప్పటికీ ముందు వాసనే చూస్తాను.

ఇక అసలు విషయం. ఈ మధ్య నాకు ప్రమోషన్ వచ్చింది, కూర్చునే మనుషులు మారారు. పోయిన నెల ఒక సహోద్యోగి గృహప్రవేశం అయ్యాక మమ్మల్ని పిలిచాడు. స్కాట్లాండ్‌లోని ఐలా దీవి నుంచి వచ్చిన సింగిల్ మాల్ట్ విస్కీ (మొలకెత్తించిన బార్లీతో ఒకే డిస్టిలరీలో చేసేది) తెరిచాడు. ఆ సీసా ధర మా ఇంటి నెల కిరాణా బిల్లుకి దగ్గరగా ఉంది. అంత ఖర్చు పెట్టి మనకు పోస్తున్నాడని గౌరవంగానే గ్లాసు అందుకున్నాను. ఒక గుక్క తాగగానే చిన్నప్పుడు మోకాలు చెక్కుకుపోతే పూసే టింక్చర్ వాసన, దాని వెనక కాలిన గోనెసంచి వాసన వచ్చాయి. నాలుగు చుక్కలు నీళ్లు వేసి చూశాను, ఐస్ వేసి చూశాను. గ్లాసు పూర్తి చేశాను కానీ ఒక్క గుక్క కూడా నాకు హాయిగా అనిపించలేదు.

ఎలా ఉందని అడిగితే ఉన్నదున్నట్టు చెప్పాను, నాకు రమ్మే ఇష్టమని. అక్కడున్న ఒకాయన అందరి ముందు, "అది హాస్టల్ కుర్రాళ్ల మందు కదా, ఇంకా దాని దగ్గరే ఉన్నారా? టేస్ట్ డెవలప్ చేసుకోవాలి" అన్నాడు. ఆ మాట నా మనసులో చాలా రోజులు ఉండిపోయింది. నన్నంటే పర్వాలేదు, చిన్నాన్ననీ కలిపి అన్నట్టు అనిపించింది.

తెలిసినవాళ్లు చెప్పండి. ఖరీదైన దాంట్లో నిజంగా నాకు అందని గొప్పతనం ఏదైనా ఉందా? చవక మందు తాగితే తలనొప్పి వస్తుంది, లివర్ తొందరగా పాడవుతుంది అంటారు, అందులో నిజమెంత? వచ్చే నెల వాళ్లందరూ మా ఇంటికి వస్తున్నారు. అప్పుడు బల్ల మీద ఏం పెట్టాలో కూడా టెన్షన్‌గానే ఉంది.

పాత కెమిస్టు

మంజీర గారూ, నేను ఒక డిస్టిలరీలో బ్లెండింగ్ విభాగంలో 26 ఏళ్లు పనిచేసి రిటైర్ అయ్యాను. ముందు లివర్ సంగతి, ఎందుకంటే దీని మీదే తప్పుడు మాటలు ఎక్కువ.

మీ సీసా మీద 42.8 శాతం ఆల్కహాల్ అని ఉంటుంది. మన దేశంలో తయారయ్యే విస్కీ, బ్రాందీ, రమ్ము చాలావాటి మీద ధరతో పని లేకుండా ఇదే అంకె కనిపిస్తుంది. బ్రిటిష్ వాళ్ల కాలం నాటి లెక్కలో అది 75 డిగ్రీల ప్రూఫ్. కాబట్టి శాతం, కొలత ఒకటే అయితే ఒంట్లోకి వెళ్లే ఆల్కహాల్ కూడా ఒకటే. ఖరీదైన సీసా కొన్నంత మాత్రాన లివర్‌కి భారం తగ్గదు. తలనొప్పికి ముఖ్య కారణం ఎంత తాగాం, ఎంత నీళ్లు తాగాం అన్నది. దానికి తోడు, పులిసేటప్పుడూ పీపాలో ఉన్నప్పుడూ కాంజెనర్లు అనే పదార్థాలు చేరతాయి. వోడ్కా కంటే ముదురు రంగు మందుల్లో ఇవి ఎక్కువ. మీ రమ్ముకీ ఈ మాట వర్తిస్తుంది, ఆ మాల్ట్‌కీ వర్తిస్తుంది.

ఇప్పుడు రుచి. మీకు టింక్చర్ వాసన వచ్చిందంటే మీ ముక్కు సరిగ్గా పనిచేసినట్టే. ఐలాలో ఎక్కువగా బార్లీని పీట్ అనే, కుళ్లిన మొక్కలతో ఏర్పడిన మట్టిని కాల్చిన పొగ మీద ఆరబెడతారు. ఆ పొగలో ఫినాల్స్ ఉంటాయి. ఆసుపత్రిలో వచ్చే మందుల వాసనకి అవి చుట్టాలు. ప్రేమించేవాళ్లు దానికోసమే కొంటారు. మీకు నచ్చకపోతే అది మీ ఇష్టానికి సంబంధించింది, లోపం కాదు.

ఇంకో సంగతి చాలామంది గమనించరు. మన దగ్గర చవక విస్కీల్లో ఎక్కువ భాగం చక్కెర ఫ్యాక్టరీ మొలాసిస్ (చక్కెర తీశాక మిగిలే నల్లటి పాకం) నుంచి తీసిన న్యూట్రల్ స్పిరిట్, అంటే రుచీ వాసనా లేని ఆల్కహాల్. దానికి కొంత మాల్ట్ స్పిరిట్ కలుపుతారు. యూరప్ నిబంధనల ప్రకారం విస్కీ ధాన్యం నుంచే రావాలి, కనీసం మూడేళ్లు పీపాలో ఉండాలి. కాబట్టి అలాంటి వాటిని అక్కడ విస్కీ పేరుతో అమ్మలేరు. రమ్ము అలా కాదు. చెరకు, మొలాసిస్ నుంచి వచ్చేదే రమ్ము. అంటే మొలాసిస్‌తో చేసిన రమ్ము పేరుకి తగ్గట్టే ఉంది. ఓల్డ్ మాంక్ 1954 నుంచి ఉంది, ఏడేళ్లు ఓక్ పీపాల్లో ఉంచిన రమ్ము అని కంపెనీ చెబుతుంది. వృత్తిలో ఉన్నప్పుడు నేను కూడా సాయంత్రం ఇంటికి తెచ్చుకున్నది ఎక్కువగా రమ్మే.

వయసు అంకె చూసి కూడా మోసపోకండి. స్కాట్లాండ్ చలిలో పీపా నుంచి ఏడాదికి రెండు శాతం దాకా ఆవిరైపోతే, బెంగళూరులో పది శాతం పైనే పోతుంది. వేడికి చెక్కలోని రుచులు కూడా తొందరగా దిగుతాయి. అక్కడి పన్నెండేళ్లనీ ఇక్కడి నాలుగేళ్లనీ అంకెలతో పోల్చలేం. ధర మాటకొస్తే, స్కాచ్ (స్కాట్లాండ్ విస్కీ) మీద చాలా ఏళ్లు 150 శాతం దిగుమతి సుంకం ఉంది, దాని మీద రాష్ట్రం పన్నులు. మీరు చూసిన ధరలో పెద్ద వాటా రుచిది కాదు.

ఒక మాట అడుగుతాను. గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకోగానే మీకు మొట్టమొదట ఏం గుర్తొస్తుంది?

మంజీర

సార్, మీరు అడిగాక శనివారం దాకా ఆగి, చూసి రాస్తున్నాను. మాది బోధన్. షక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ గోడకి అవతలి వీధిలో పుట్టాను. చెరకు సీజన్‌లో ఎడ్లబండ్లు, లారీలు గేటు బయట రాత్రంతా వరసలో ఉండేవి. మొలాసిస్ వాసన పక్కబట్టల్లోకి కూడా వచ్చేది, తియ్యగా, కొంచెం మాడినట్టు, కొంచెం పులిసినట్టు. ఊరికి కొత్తగా వచ్చినవాళ్లు ముక్కు మూసుకునేవారు. మాకు ఆ వాసన వచ్చిందంటే నాన్నకి పని ఉన్నట్టు. ఫ్యాక్టరీ 2015 చివర్లో మూతబడింది. ఇప్పుడు ఊరికి వెళ్తే ఆ వాసన లేదు.

గ్లాసులో మొదట తెలిసేది అదే సార్. తర్వాత వెనిల్లా లాంటిది ఏదో వస్తుంది. ఇన్నేళ్లు తాగుతూ ఈ సంగతి నాకు తోచనే లేదు.

పెన్నా గట్టు

అన్నా, మీరు రాసింది చదివి మనసు మెత్తబడింది. అయినా ఒక మాట చెప్పకుండా ఉండలేను. మాది నెల్లూరు జిల్లా. చవక అన్న మాట మా ఇంట్లో వేరుగా వినబడేది. వారుణివాహిని పేరుతో సారా ప్యాకెట్లు పల్లెల దాకా వచ్చిన రోజుల్లో మా నాన్న తాగుడు మొదలైంది. సీసా కొనే స్తోమత ఆయనకి లేదు. ప్యాకెట్ చవక కాబట్టే రోజూ తాగగలిగాడు. 1992లో దూబగుంట ఆడవాళ్లు సారా వద్దని లేచినప్పుడు మా అమ్మ కూడా పక్క ఊరి సారా కొట్టు ముందు చీపురు పట్టుకుని కూర్చుంది. మరుసటి ఏడాది సారా నిషేధం వచ్చింది. ఆ రాత్రి మా అమ్మ తలుపు గడియ పెట్టకుండా నిద్రపోయిందని ఇప్పటికీ చెబుతుంది.

మీరు వారానికి రెండు పెగ్గులన్నారు. ఆ కొలత మీద మాత్రం కన్నేసి ఉంచండి. ధర తక్కువైనప్పుడు మూడో పెగ్గు జేబుకి తెలియదు. ఇంకోటి, ఇది చదివే పిల్లలెవరైనా చవక అంటే నాటుసారా కూడా అనుకుంటారేమో. లేబుల్ లేని దాన్ని ముట్టుకోవద్దు. అందులో మిథనాల్ ఉంటే కళ్లు పోతాయి, ప్రాణం పోతుంది.

తాటివనం

పెన్నా గట్టు అక్క మాటకి దండం. మాది నల్లగొండ వైపు, మా నాయిన గీత కార్మికుడు. మోకు, ముస్తాదు కట్టుకుని పొద్దున్నే చెట్టెక్కి లొట్టి దించితే, ఆ గంటలో తాగిన తాటికల్లుకి నేను తాగిన ఏ సీసా సాటిరాలేదు. పొద్దున తియ్యగా, కొబ్బరినీళ్లకి కొంచెం చిలిపితనం వచ్చినట్టు ఉంటుంది. మధ్యాహ్నానికి పుల్లబడుతుంది. సాయంత్రానికి ఘాటు. చెట్టు మీద ఉండగానే గాలిలోని ఈస్టు పట్టి పులియడం మొదలవుతుంది, అందుకే దాన్ని సీసాలో పోసి దాచిపెట్టలేం. పట్నంలో ఎంత డబ్బు పెట్టినా ఆ గంట దొరకదు. తాటి రేక పట్టి, వంగి తాగాలి. తోడుగా కాల్చిన ఎండు చేపలు.

కానీ చెట్టు కింద, గీసినవాళ్ల చేతి నుంచి అయితేనే. కొన్ని కల్లు కాంపౌండ్లలో డైజోఫాం, అల్ప్రాజోలం లాంటి మత్తుమందులు కలిపి అమ్మి జనాన్ని పాడుచేశారు. అది దొరక్కపోతే చేతులు వణికి ఆసుపత్రుల్లో చేరినవాళ్లని చూశాను. కల్లుకి ఆ చెడ్డపేరు వచ్చినందుకు మా నాయిన ఇప్పటికీ బాధపడతాడు.

పాత కెమిస్టు

మంజీర గారూ, బోధన్ అన్నాక ఇక నేను చెప్పేదేముంది. వెనిల్లా అన్నారు చూడండి, ఓక్ చెక్కలో వెనిలిన్ అనే పదార్థం ఉంటుంది, పీపా నుంచి అది కూడా దిగుతుంది.

పార్టీకి ఒక పని చేయండి. మా ల్యాబ్‌లో ట్రయాంగిల్ టెస్ట్ అని చేసేవాళ్లం. మూడు గ్లాసులు పెడతారు. రెండింట్లో ఒకటే మందు, మూడోదాంట్లో వేరేది. వేరేది ఏదో పట్టుకోవాలి. గ్లాసులు ఒకేలా ఉండాలి, ఒక్కో దాంట్లో 10 మి.లీ. చాలు, పోసేవాళ్లు తాగేవాళ్లకి కనబడకూడదు. ఎవరినీ ఓడించడానికి చేయకండి. ఎవరి నాలుక ఏం పట్టుకుంటుందో తెలుస్తుంది, అంతే. ఊహించి చెప్పినా ముగ్గురిలో ఒకరిది సరిపోతుంది, అది గుర్తుపెట్టుకోండి.

మంజీర

నిన్న వాళ్లు వచ్చి వెళ్లారు, అందుకే రాస్తున్నాను. మన దేశంలోనే తయారైన ఒక మంచి మాల్ట్ కొన్నాను. పక్కన ఒక మామూలు విస్కీ, నా రమ్ము. విస్కీలు రెండూ వంటింట్లో మా ఆవిడ పోసి పంపింది. ఐదుగురం కూర్చున్నాం. ఇద్దరు సరిగ్గా పట్టుకున్నారు. ఆ ఇద్దరిలో ఒకాయన అప్పుడు నన్ను మాట అన్నాయనే. మూడు గ్లాసులూ నెమ్మదిగా వాసన చూసి, ఎందుకు వేరో కూడా చెప్పాడు: ఒకదాంట్లో ఎండు ద్రాక్ష వాసన ఆగి ఉందట, మిగతావి గొంతు దాటగానే ఏమీ మిగల్లేదట. ఆయన చెప్పాక మళ్లీ తాగితే నాకూ ఆ ద్రాక్ష తెలిసింది. ముందు నేను తప్పే చెప్పాను. ఖరీదైన దాంట్లో ఏదో ఉంది, అది నిజం. ఆయనకి అది వినబడినంత స్పష్టంగా ఉంది, నాకు చూపిస్తే గానీ తెలియలేదు.

తర్వాత ఆయనే రమ్ము అడిగాడు. చిన్నాన్న కలిపినట్టే గోరువెచ్చటి నీళ్లతో కలిపి, ముందు వాసన చూడమన్నాను. షక్కర్‌నగర్ గురించి చెప్పాను. చాలాసేపు గ్లాసు అలాగే పట్టుకుని, "నాకు మరీ తియ్యగా ఉందండీ, కానీ మీరు చెప్పింది అర్థమైంది" అన్నాడు. పల్లీలు రెండుసార్లు వేయించాల్సి వచ్చింది.

పెన్నా గట్టు చెల్లీ, నీ మాట విన్నాక కొలిచే కప్పు ఒకటి కొన్నాను. ఇన్నేళ్లు నేను పెగ్గనుకుని పోసుకున్నది కొలిస్తే 75 మి.లీ. దాటింది. మిగిలిన మాల్ట్ ఆయనకే ఇచ్చి పంపాను. రమ్ము సీసా పైఅరలో ఉంది, శనివారానికి.