“క్రమం తప్పకుండా” ఆరాధనకు వెళ్తారా అని అడిగితే నిజాయితీగా ఏమని రాయాలి?

ప్రశ్న (అన్వేషి)

రెండు నెలల క్రితం ఒక సర్వేకు జవాబులిచ్చాను. “సామూహిక ఆరాధనలకు మీరు ఎంత తరచుగా హాజరవుతారు?” అన్న ప్రశ్న రాగానే, క్షణం కూడా ఆలోచించకుండా “వారానికి ఒకసారి” అన్న గడిలో గుర్తు పెట్టాను. నేను క్రైస్తవుణ్ని. ఊహ తెలిసినప్పటి నుంచి ఆదివారం అంటే ఆరాధనే కనుక, ఆ జవాబులో తప్పేమీ ఉందని నాకు అప్పుడు తోచలేదు.

ప్రసంగం వింటూ ఆనాటి వాక్యభాగాన్ని డైరీలో రాసుకోవడం నాకు అలవాటు. గత వారం పాత పేజీలు తిరగేస్తుంటే చాలా ఆదివారాలు ఖాళీగా కనిపించాయి. లెక్కపెట్టి చూస్తే, గడిచిన ఏడాదిలోని 52 ఆదివారాలలో నేను వెళ్లినవి 29 మాత్రమే. కొన్నిసార్లు ప్రయాణాలు, కొన్నిసార్లు అనారోగ్యం, ఇంకొన్నిసార్లు చెప్పుకోదగిన కారణమేదీ లేదు. మోసం చేయాలన్న ఉద్దేశం నాకు ఏ కోశానా లేకపోయినా, నేను రాసిన జవాబు నిజం కాదన్న సంగతి నన్ను బాధపెడుతోంది.

ఇలాంటి జవాబులను పోగుచేసి వేసే లెక్కలను ఎంతవరకు నమ్మవచ్చు? అసలు “క్రమం తప్పకుండా” అన్న మాటకు ఎవరైనా ఒక కొలత పెట్టారా? తెలిసినవారు వివరంగా చెప్పగలరని కోరుతున్నాను.

సమాధానం (గణకుడు)

అన్వేషి గారూ, చాలా ఏళ్లుగా ప్రశ్నావళులు తయారుచేసే పనిలో ఉన్నవాడిగా చెబుతున్నాను, మీకు జరిగింది అరుదైన విషయం కాదు. ఈ రంగంలో చాలా కాలంగా ఎక్కువగా చర్చించిన సమస్యల్లో ఇది ఒకటి.

అమెరికాలో ఏ వారం అడిగినా పదిమందిలో నలుగురు ఆరాధనకు వెళ్లామని చెప్పడం దశాబ్దాలపాటు మారని సంగతిగా ఉండేది. కిర్క్ హాడవే, పెన్నీ లాంగ్ మార్లర్, మార్క్ చావెస్ అనే ముగ్గురు పరిశోధకులు 1993లో ఆ అంకెను పరీక్షకు పెట్టారు. ఒహాయో రాష్ట్రంలోని ఒక కౌంటీలో ప్రొటెస్టెంట్ సంఘాల అసలు హాజరును, వేర్వేరు డయోసీసులలో (ఒక్కో బిషప్ పరిధిలోని ప్రాంతాలలో) కాథలిక్కుల తలలెక్కను తీసుకుని, జనం నోటితో చెప్పిన దానితో పోల్చి చూశారు. తేలిందేమిటంటే, నిజంగా వచ్చినవారు చెప్పినవారిలో దాదాపు సగమే. ఆ వ్యాసం మీద ఏళ్ల తరబడి వాదోపవాదాలు నడిచాయి కానీ, చెప్పేదానికీ చేసేదానికీ మధ్య అంతరం ఉందన్న మాటను తరువాతి పరిశోధనలు చాలావరకు బలపరిచాయి.

ఆ అంతరాన్ని అబద్ధం అనడం మాత్రం సరికాదని నా అభిప్రాయం. ఫిలిప్ బ్రెన్నర్ అనే పరిశోధకుడు 2011లో ప్రచురించిన అధ్యయనంలో, సర్వేల్లో చెప్పిన హాజరును, కాలవినియోగ డైరీలతో పోల్చాడు. కాలవినియోగ డైరీ అంటే, మతం ప్రస్తావన ఏమీ తేకుండా “నిన్న లేచింది మొదలు ఏమేం చేశారు?” అని అడిగి గంటగంటకూ రాయించుకునే పద్ధతి. అలా అడిగినప్పుడు మనిషి తను చేసిన పనులు చెబుతాడు. “ఎంత తరచుగా వెళ్తారు?” అని అడిగినప్పుడు మాత్రం, తెలియకుండానే ఆ ప్రశ్నను “మీరు ఎలాంటి మనిషి?” అన్న ప్రశ్నగా వింటాడు. మీరు విన్నది కూడా అదే అయి ఉంటుంది. “నేను ఆదివారం ఆరాధనకు వెళ్లే మనిషిని” అన్నది మీ విషయంలో నిజమే, 52లో 29 అన్నదీ నిజమే. ప్రశ్న మొదటి నిజాన్ని రాబట్టింది, లెక్క వేసేవాళ్లు దాన్ని రెండోదిగా చదువుకున్నారు. ఇలా పెంచి చెప్పడం అమెరికా, కెనడాలలో బాగా ఎక్కువగానూ, యూరప్ దేశాల్లో చాలా తక్కువగానూ ఉందని కూడా అదే అధ్యయనంలో తేలింది. ఆరాధనకు వెళ్లడం మంచి మనిషి లక్షణమని చుట్టూ ఉన్నవారు భావించే చోట అంకె పెరుగుతుంది. ఆ భావన లేని చోట పెంచి చెప్పవలసిన అవసరం ఎవరికీ కలగదు.

“క్రమం తప్పకుండా” అన్న మాటకు ఉమ్మడి కొలత ఏదీ లేదు. అందుకే మంచి ప్రశ్నావళుల్లో ఆ మాటే వాడరు. 2002 నుంచి జరుగుతున్న యూరోపియన్ సోషల్ సర్వేలో, పెళ్లిళ్లు, అంత్యక్రియల వంటి ప్రత్యేక సందర్భాలను పక్కనపెట్టి చెప్పమని అడుగుతారు. జవాబులు కూడా రోజూ, వారానికి ఒకసారి, కనీసం నెలకొకసారి, పర్వదినాల్లో మాత్రమే, ఎప్పుడూ లేదు అన్నట్టు మెట్లు మెట్లుగా ఉంటాయి.

సమాధానం (సహన)

గణకుడు గారు చెప్పినదంతా ఆసక్తిగా చదివాను. ఆయన పెంచి చెప్పేవారి గురించి రాశారు. ప్రశ్నే తగ్గించి చూపే మనుషులం కూడా ఉన్నామని గుర్తుచేయాలని రాస్తున్నాను.

నేను ముస్లిం స్త్రీని. రోజుకు ఐదు పూటలా నమాజు చేస్తాను, ఇంట్లోనే చేస్తాను. వయసు వచ్చిన ఆరోగ్యవంతులైన పురుషులకు శుక్రవారం జుమా నమాజును జమాతుతో కలిసి చేయడం విధి. ఖురాన్‌లో 62వ సూరాకు ఆ ప్రార్థన పేరే ఉంది. స్త్రీలకు, ప్రయాణంలో ఉన్నవారికి, జబ్బుపడినవారికి అది విధి కాదు. కాబట్టి “సామూహిక ఆరాధనకు ఎంత తరచుగా వెళ్తారు?” అన్న గడిలో నేను నిజాయితీగా రాయవలసింది “ఏడాదిలో కొన్నిసార్లు” అని. మా అన్నయ్య “వారానికి ఒకసారి” అని రాస్తాడు. ఆ రెండు కాగితాలు చూసినవారు మా అన్నయ్య భక్తిపరుడనీ, నేను మతాన్ని పెద్దగా పట్టించుకోనిదాన్ననీ అనుకుంటారు. మా ఇంట్లో తెల్లవారుజామున ఫజర్ నమాజుకు ఆయనను నిద్రలేపేది నేనే.

ఇది నా ఒక్కదాని అనుభవం కాదు. ప్యూ పరిశోధనా సంస్థ 2016లో ప్రచురించిన నివేదికలో, క్రైస్తవుల్లో స్త్రీలు పురుషుల కంటే ఎక్కువగా ఆరాధనకు వెళ్తున్నారనీ, ముస్లింలలోనూ ఇజ్రాయెల్‌లోని యూదులలోనూ పురుషులే ఎక్కువగా వెళ్తున్నారనీ తేలింది. సనాతన యూదుల్లో సామూహిక ప్రార్థన జరగాలంటే పదిమంది పురుషులు కూడాలి, దాన్నే మినియన్ అంటారు. అంటే పదో మనిషి రాకపోతే మిగిలిన తొమ్మిదిమంది ప్రార్థన కూడా అసంపూర్ణంగా మిగులుతుంది. అక్కడ హాజరు సాటివారి పట్ల బాధ్యత కూడా. ఒకే అంకె ఒక మతంలో విధిని, ఇంకొక మతంలో ఇష్టాన్ని, మరొక చోట పొరుగువాడి అవసరాన్ని కొలుస్తున్నప్పుడు, వాటిని ఒకే పట్టికలో వరుసగా పేర్చి పోల్చడం నాకు న్యాయంగా అనిపించదు.

సమాధానం (ప్రదక్షిణ)

సహన గారి మాటకు చిన్న చేర్పు. హిందువుల్లో వారానికొకసారి అందరూ కలిసి తీరాలన్న సాధారణ నియమం లేదు. నిత్యపూజ ఇంట్లో దేవుడి గదిలోనే జరుగుతుంది. గుడికి వెళ్లినప్పుడు కూడా ఒక సమయానికి మొదలై ఒక సమయానికి ముగిసే ఆరాధనకు “హాజరు” కావడం లేదు, దర్శనం చేసుకుని, ప్రదక్షిణ చేసి, కాసేపు మండపంలో కూర్చుని వస్తాము. దాన్ని హాజరుగా లెక్కించాలో వద్దో ఆ ప్రశ్నావళి రాసినవారే చెప్పాలి. బహాయీలు 19 రోజులకొకసారి సమావేశమవుతారు, ఎందుకంటే వారి పంచాంగంలో నెలకు 19 రోజులు. థేరవాద బౌద్ధుల ఉపోసథ దినాలు, అంటే ధర్మాచరణకు ప్రత్యేకించిన రోజులు, చంద్రుని గతిని బట్టి వస్తాయి. వారాన్నే కొలబద్దగా పెట్టుకున్న ఫారంలో వీరెవరికీ సరిపోయే గడి ఉండదు.

సమాధానం (హాజరు పుస్తకం)

నేను మా సంఘంలో పదకొండేళ్లుగా హాజరు పట్టీ రాస్తున్నాను. ప్రతి ఆదివారం రెండో కీర్తన పాడుతుండగా వెనుక వరుస నుంచి తలలు లెక్కపెడతాను. ఆ పని చేసేవారికి తప్ప మిగతావారికి అంత సులభంగా తట్టని ఒక లెక్క ఇక్కడ చెప్పాలి.

ఒక సంఘంలో 200 మంది ఉన్నారనుకోండి. అందరూ ప్రతి వారం వస్తే ప్రతి ఆదివారం 200 మంది కనిపిస్తారు. అదే 200 మంది నెలలో రెండు ఆదివారాలే రావడం మొదలుపెడితే, ఏ ఆదివారం చూసినా దాదాపు 100 మందే ఉంటారు. చూసినవారు “సగం మంది సంఘాన్ని విడిచిపోయారు” అంటారు, కానీ ఒక్కరు కూడా విడిచిపోలేదు. పైగా వారిలో ఎవరిని అడిగినా “నేను క్రమం తప్పకుండా వస్తున్నాను” అనే అంటారు, ఎందుకంటే వచ్చిన ప్రతిసారీ తమకు తెలిసిన ముఖాలే కొన్ని కనిపిస్తాయి. అన్వేషి గారి 29 ఆదివారాలు సరిగ్గా ఈ మార్పే. సంఘాలు ఖాళీ అవుతున్నాయన్న మాట విన్నప్పుడల్లా, మనుషులు తగ్గారా లేక వచ్చే సార్లు తగ్గాయా అని ముందు అడగాలి. ఈ రెండింటికీ కారణాలు వేరు, చేయవలసిన పనులూ వేరు.

తలలెక్కలో కూడా చిక్కులున్నాయి. 1851 మార్చి 30, ఆదివారం నాడు ఇంగ్లండ్, వేల్స్‌లలోని ప్రార్థనా మందిరాలన్నింటిలో హాజరు తీసుకున్నారు. సుమారు 1 కోటి 79 లక్షల జనాభాకు గాను, ఆ రోజు ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం కలిపి దాదాపు 1 కోటి 9 లక్షల హాజరులు నమోదయ్యాయి. అయితే అవి హాజరులే, మనుషులు కారు. ఉదయం వచ్చినవాడే సాయంత్రమూ వస్తే రెండుసార్లు లెక్కకు వచ్చాడు. అందులో మనుషులెందరన్నది అప్పట్లోనే పెద్ద వివాదమైంది.

గణకుడు గారితో ఒక్క చోట నాకు భిన్నాభిప్రాయం ఉంది. మనిషి తన గుర్తింపును బట్టి జవాబిస్తాడన్నది నిజమే కావచ్చు గానీ, రాలేకపోయినవారి బాధ ఆ మాటలో కనబడదు. మంచం పట్టిన తల్లిని విడిచి రాలేని ఒక సోదరి పేరు నా పట్టీలో మూడేళ్లపాటు “గైర్హాజరు” అనే ఉండేది. 2020లో మందిరాలు మూతపడి ఆరాధన ఫోన్‌లో మొదలైనప్పుడు, ఆమె అన్నేళ్ల తరువాత ప్రతి వారం పాల్గొన్నది. అది హాజరేనా అని పెద్దలు చర్చించారు. నేను మాత్రం ఆ రోజుల నుంచి ఆమె పేరు ఎదుట హాజరనే రాస్తున్నాను.

సమాధానం (గణకుడు)

హాజరు పుస్తకం గారి మాట సబబే, రాలేకపోవడాన్నీ రాకపోవడాన్నీ మా పట్టికలు విడదీయవు. నేనూ ఒప్పుకుంటున్నాను.

లెక్కలను నమ్మవచ్చా అన్న ప్రశ్నకు నేను ముందు సరిగా జవాబివ్వలేదు. పెంచి చెప్పే తీరు ఏళ్ల తరబడి ఒకేలా ఉంటే, ఒక ఏడాది అంకె తప్పైనా, పెరిగిందా తగ్గిందా అన్నది నమ్మవచ్చు. గాలప్ సంస్థ 2024లో ప్రకటించిన దాని ప్రకారం, అమెరికాలో వారం వారం లేదా దాదాపు వారం వారం వెళ్తున్నామని చెప్పేవారు 30 శాతం, రెండు దశాబ్దాల క్రితం ఆ సంఖ్య 42 శాతం. ఆ 30 శాతం అచ్చంగా నిజమని నేను అనను, తగ్గుదల నిజమని మాత్రం అంటాను.

ఆరోగ్య పరిశోధనల్లో ఈ జవాబులను మరింత జాగ్రత్తగా చూడాలి. అమెరికాలో సుమారు 74,500 మంది నర్సులను 16 ఏళ్లపాటు గమనించి 2016లో ప్రచురించిన అధ్యయనంలో, వారానికి ఒకసారి కంటే ఎక్కువగా ఆరాధనకు వెళ్లేవారిలో, ఎప్పుడూ వెళ్లనివారితో పోలిస్తే మరణాలు 33 శాతం తక్కువగా ఉన్నాయని తేలింది. దీన్ని చూసి ఆరాధన ఆయుష్షును పెంచుతుందని తొందరపడి చెప్పకూడదు, జబ్బుతో ఉన్నవారు వెళ్లలేరు కాబట్టి సంబంధం తిరగబడి ఉండే అవకాశం ఎప్పుడూ ఉంటుంది. ఆ పరిశోధకులు అంతకుముందరి హాజరును, ఆరోగ్యాన్ని కూడా లెక్కలోకి తీసుకుని ఆ దోషాన్ని తగ్గించడానికి ప్రయత్నించారు. అలాంటి శ్రద్ధ లేని అధ్యయనాలను నేను పక్కన పెడతాను.

ఇక మీరు చేయగలిగిన పని ఒకటుంది. ఈసారి ఎవరైనా అడిగితే, సాధారణంగా ఏం చేస్తారో ఆలోచించకుండా, గడిచిన నాలుగు వారాలను ఒక్కొక్కటిగా గుర్తుచేసుకుని ఎన్నిసార్లు వెళ్లారో చెప్పండి. నెల నెలకూ ఆ సంఖ్య మారవచ్చు. వేలమంది జవాబులు కలిసినప్పుడు ఆ హెచ్చుతగ్గులు చాలావరకు సర్దుకుంటాయి.

ప్రశ్న వేసినవారి జవాబు (అన్వేషి)

అందరికీ కృతజ్ఞతలు. సర్వే చేసినవారికి ఉత్తరం రాసి నా జవాబును “నెలకు రెండు మూడుసార్లు” అని మార్చమని కోరాను. ఆ వివరాలు ఇప్పటికే పేర్లు తీసేసి కలిపేశామనీ, మార్చడం కుదరదనీ వారు మర్యాదగా తెలియజేశారు.

సహన గారి సమాధానం చదివాక మా అమ్మ గుర్తుకొచ్చింది. మోకాళ్ల నొప్పి వల్ల ఆమె రెండేళ్లుగా మందిరం మెట్లు ఎక్కలేకపోతోంది. ఆమెను ఆ సర్వే అడిగి ఉంటే “వారానికి ఒకసారి” అనే చెప్పేది. ఆమె చెప్పేది తప్పు అని నేను అనలేను. హాజరు పుస్తకం గారికి ఒక మనవి: ఫోన్‌లో పాల్గొన్నవారిని మీ పట్టీలో వేరే గుర్తుతో రాస్తారా, లేక మామూలు హాజరులోనే కలుపుతారా? మా సంఘంలో ఈ ఏడాది పట్టీ రాసే పని నాకు అప్పగించారు, మొదటి పేజీ గీయడానికి ముందే తెలుసుకోవాలని అడుగుతున్నాను.