అప్‌డేట్: స్పేస్ ఇన్వేడర్స్ బోర్డులో అడ్డగీతలు, తేలింది ర్యామ్ చిప్పే

ఆట నడుస్తోంది, శబ్దాలూ వస్తున్నాయి, తెరలో ఒక పక్క మాత్రం ప్రతి 8 పిక్సెళ్లకూ ఒక అడ్డగీత పడుతోందని అడిగాను కదా (1978 నాటి ఆర్కేడ్ వీడియో గేమ్, మిడ్‌వే కంపెనీది, 8080 ప్రాసెసర్ ఉన్న సర్క్యూట్ బోర్డు). అందరికీ థ్యాంక్స్. ర్యామ్ (ఆట నడిచేటప్పుడు వాడే తాత్కాలిక మెమరీ) మీద అనుమానపడ్డవాళ్ల మాటే నిజమైంది.

ఈ బోర్డులో బొమ్మంతా ర్యామ్‌లో చుక్కలుగా ఉంటుంది. ఆటగాడు చూసే తెరమీద ఒక్కో బైటు నిలువుగా 8 చుక్కలు, సున్నా బిట్టు అన్నిటికన్నా కింద. ఉన్నవి 16 చిప్పులు, 4027 రకం. ఒక్కోటి ప్రతి బైటులోని 8 బిట్లలో ఒక్క బిట్టునే దాస్తుంది. అందుకే ఒకటి పాడైతే గీత సరిగ్గా 8కి ఒకటి చొప్పున పడుతుంది. తెర అడుగునుంచి లెక్కపెడితే గీత మూడో చుక్క మీద ఉంది, అంటే (సున్నా నుంచి లెక్క కాబట్టి) 2వ బిట్టు. దానికి ఉన్నవి రెండే చిప్పులు. ఆట సజావుగా నడుస్తోంది కాబట్టి స్కోరూ ప్రాణాలూ దాచే చిప్పు బాగున్నట్టే, మిగిలింది రెండోది. కాళ్లు కత్తిరించి తీసి, 16 పిన్నుల సాకెట్ వేసి కొత్తది పెడితే గీతలు పోయాయి.

పాత చిప్పు మీద మంచి చిప్పు ఎక్కించి చూసే చిట్కా ఇక్కడ తేల్చలేదు. మానిటర్ కెపాసిటర్లు మార్చడం, రోమ్ (ఆట ప్రోగ్రామ్ ఉండే చిప్పు) సాకెట్ల శుభ్రం, ప్రాసెసర్ మార్పు, ఈ సలహాలకూ ఈ లోపానికీ సంబంధమే లేదు.

కొత్త చిప్పు పెట్టేముందు సాకెట్‌లో వోల్టేజీ కొలవండి: 1వ పిన్ను −5, 8వది +12, 9వది +5. −5 లేకుండా +12 తగిలితే కొత్త చిప్పూ పోతుంది.