2⁶⁴ − 1 కారణాంకాలు: పైథాన్‌లో వర్గమూలం ఒకటి ఎక్కువ ఎందుకొస్తోంది?

ప్రశ్న:
చదరంగం బల్ల మొదటి గడిలో ఒక గింజ, ఆపైన గడి గడికీ రెట్టింపు చొప్పున పెడితే 64 గళ్లకూ కలిపి 1,84,46,74,40,73,70,95,51,615 గింజలు, అంటే 2⁶⁴ − 1. దీన్ని ప్రధాన కారణాంకాలుగా విడగొట్టాలి. ఎక్సెల్‌లో చివరి అంకెలు సున్నాలైపోతున్నాయి. పైథాన్‌లో సంఖ్య సరిగ్గానే ఉంది కానీ మ్యాథ్ డాట్ ఎస్‌క్యూఆర్‌టీతో వర్గమూలం 4294967296 వస్తోంది. దాని వర్గం మన సంఖ్య కన్నా 1 ఎక్కువ కదా? చేత్తో చేసే దారి ఉంటే అదీ చెప్పండి.

జవాబు 1:
మీ అనుమానం సరైనదే. దశాంశాలు వదిలేస్తే రావాల్సింది 4294967295. ఆ ఫంక్షన్ ముందు సంఖ్యను ఫ్లోట్‌గా, అంటే దశాంశ సంఖ్యలను ఉజ్జాయింపుగా దాచే రూపంలోకి మారుస్తుంది. ఫ్లోట్‌లో పట్టేది 53 బిట్లే (ద్విసంఖ్యామాన అంకెలే), ఈ సంఖ్యకు 64 కావాలి. 2⁶⁴కి కాస్త దిగువన ఫ్లోట్ సంఖ్యలు 2048 ఎడంగా ఉంటాయి, అందుకే మీది నేరుగా 2⁶⁴ అయిపోతోంది. దాని బదులు వర్గమూలాన్ని పూర్ణాంకంగానే ఇచ్చే మ్యాథ్ డాట్ ఐఎస్‌క్యూఆర్‌టీ వాడండి. భాగహారానికీ రెండు గీతలు (//) పెట్టండి, ఒక గీత పెడితే మళ్లీ ఫ్లోటే. ఎక్సెల్ 15 అంకెలు దాటదు, దీనికి పనికిరాదు.

జవాబు 2:
చేత్తో చాలా అందంగా విడిపోతుందండీ. 2⁶⁴ − 1 = (2³² + 1)(2³² − 1). రెండో దాన్నీ ఇలాగే విడదీస్తూ పోతే 3 × 5 × 17 × 257 × 65537 × 4294967297. మొదటి అయిదూ ప్రధానాలు. చివరిదీ ప్రధానమేనని గణితవేత్త ఫెర్మా నమ్మాడు. 1732లో మరో గణితవేత్త ఆయిలర్ అది 641 × 6700417 అని చూపించాడు.

641తో ఎందుకు పోతుందో చూడండి. 641 = 5 × 2⁷ + 1, కాబట్టి 5 × 2⁷ను 641తో భాగిస్తే శేషం −1 (అంటే 641కి ఒకటి తక్కువ). నాలుగో ఘాతం తీసుకుంటే 5⁴ × 2²⁸కి శేషం 1. కానీ 641 = 5⁴ + 2⁴ కూడా, కాబట్టి 5⁴ బదులు −2⁴ రాయొచ్చు. అప్పుడు −2³²కి శేషం 1, అంటే 2³² + 1కి శేషం సున్నా. పెద్ద భాగహారం ఒక్కటీ చేయలేదు!

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండీ. మరి 6700417 ప్రధానమని తేల్చాలంటే దాని వర్గమూలం 2588 దాకా అన్నిటితో భాగించాలా?

జవాబు 2:
అక్కర్లేదు. 2³² + 1ను భాగించే ప్రతి ప్రధాన సంఖ్యా 128 గుణిజం కన్నా 1 ఎక్కువగా ఉంటుంది. 2588 లోపు అలాంటి ప్రధానాలు 257, 641, 769, 1153, 1409 మాత్రమే. 6700417కి శేషాలు వరుసగా 170, 44, 120, 334, 622. సున్నా ఎక్కడా లేదు.

జవాబు 3:
ఏడు ప్రధానాలూ ఒక్కోసారే వచ్చాయి కాబట్టి మొత్తం భాజకాలు 2⁷ = 128. ప్రోగ్రామ్ రాసేటప్పుడు ఎక్కువమంది చేసే తప్పు, ఎంతవరకు భాగించి చూడాలన్న హద్దును మొదటి వర్గమూలం దగ్గరే వదిలేయడం. అలాగైతే లూప్ 429 కోట్ల దాకా తిరుగుతుంది. కారణాంకం దొరికిన ప్రతిసారీ మిగిలినదానికి వర్గమూలం మళ్లీ కట్టండి. 65537 తీసేశాక మిగిలేది 6700417, హద్దు 2588కి పడిపోతుంది, లూప్ అక్కడే ఆగుతుంది. 3 నుంచి బేసి సంఖ్యలే తీసుకుంటే 32768 సంఖ్యలతో పని అయిపోతుంది.