డిసెంబరులో శ్రీలంక: ట్రింకోమలీలో వాన తగ్గుతుందా?

అందరికీ నమస్కారం. మాది నెల్లూరు. డిసెంబరు చివరి వారంలో అమ్మానాన్నలతో శ్రీలంక వెళ్దామనుకుంటున్నాం. అష్టాదశ శక్తిపీఠాల్లో మొదటిదైన శాంకరీదేవి గుడి ట్రింకోమలీలో ఉంది కదా, అది చూడాలని అమ్మకు ఎప్పటి నుంచో కోరిక.

టెన్షనంతా వానల గురించే. నేను చదివినంతలో, దీవి మధ్యలో ఉన్న కొండలే అక్కడి వాతావరణాన్ని రెండుగా చీలుస్తాయి. వాటిలో అన్నిటికంటే ఎత్తైన పిదురుతలాగల శిఖరం ఎత్తు 2,524 మీటర్లు. మే నుంచి సెప్టెంబరు దాకా నైరుతి గాలులు ఆ దిక్కు తీరంలోని కొలంబో, గాలె ఊళ్ల వైపు కురిసి, కొండ దాటేసరికి పొడిగాలులైపోతాయట. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఈశాన్య గాలులతో ట్రింకోమలీ ఉన్న తూర్పు తీరానికి వాన. అంటే మా నెల్లూరు కథే! అందుకే భయం.

అక్కడ ఆ నెలలో రోజంతా ముసురు పడుతుందా, లేక ఒక జల్లు కురిసి తెరిపిస్తుందా? నాన్నకు మోకాళ్ల నొప్పులు, తడి మెట్లంటే కష్టం. గాలె, కొండల్లోని నువర ఎలియా ఊరు ముందు చూసుకుని ట్రింకోమలీ ఆఖర్లో పెట్టుకుంటే ఏమైనా కలిసొస్తుందా? లేక ప్రయాణమే ఏప్రిల్‌కు మార్చుకోమంటారా? నువర ఎలియా 1,800 మీటర్ల పైన ఉందట, స్వెటర్లు సరిపోతాయా? ఆ రోజుల్లో వెళ్లొచ్చినవాళ్లు కాస్త చెప్పండి. టికెట్లు ఇంకా కొనలేదు.